గాజుల చేతికి గడియారం

మా గల్లీలో నన్ను కొందరు గడియారం ఇంజనీరు అంటారు. ఆ పేరు నాకు నేనే పెట్టుకుని, రెండు మూడు టీ బండ్ల దగ్గర పదేపదే చెప్పి వాడుకలోకి తెచ్చుకున్నాను. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో మా ఆవిడ చేతికి ఒక స్మార్ట్‌వాచ్ ఉండేది. పొద్దున నిండా ఛార్జింగుతో పెడితే మధ్యాహ్నానికల్లా చచ్చిపోయేది. కంపెనీవాళ్ళకే అంతుబట్టని ఆ జబ్బును నేను పట్టుకున్నానని చెబుతుంటాను. వాళ్ళకు అంతుబట్టకపోవడానికి అసలు కారణం, వాళ్ళను ఎవరూ అడగకపోవడం.

నేను మగ్గాల మనిషిని. సిరిసిల్ల వైపు నుంచి మీసాలు సరిగా రాకముందే సూరత్ వచ్చి, లింబాయత్‌లో కరెంటు మగ్గాల షెడ్డులో చేరాను. ఆ షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. ఒక్కణ్ణే పన్నెండు మగ్గాలు నడిపానని మనవలతో చెప్పాను. ఎనిమిదే. అందులో రెండు మూలనపడి ఉండేవి. చెవులు మాత్రం నిజంగానే మగ్గాలకు ఇచ్చేశాను. అందుకే మా ఇంట్లో మాట్లాడుకోవడమంటే బయటివాళ్ళకు పోట్లాటలాగా వినిపిస్తుంది.

మా ఆవిడ అదే ఖాతాలో బాబిన్లకు దారం చుట్టేది. కళ్ళు మందగించాక ఇంట్లో కూర్చుని చీరల వెనకవైపు వేలాడే దారాలు కత్తిరించేది. ఆమెకు ఒక గుణం ఉంది. ఒంట్లో ఏది బాగా లేకపోయినా చెప్పదు. "ఎట్లున్నవే?" అంటే "మంచిగనే ఉన్న" అంటుంది. ఒకసారి అందరం డుమస్ పోయి సముద్రం ఒడ్డున సాయంత్రమంతా తిరిగాం. వేడి వేడి టమాటా భజియాలు తిన్నాం, ఇసుకలో నడిచాం, బస్సు కోసం నిలబడ్డాం. ఇంటికొచ్చి చెప్పు విప్పితే పాదం బూరెలా పొంగి ఉంది. పొద్దున మెట్ల మీద మడమ మెలిపడిందట. ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తె నువ్వు డుమస్ పోనిస్తవా?" అంది.

అలాంటి మనిషికి కరోనా వచ్చింది.

ముందు నాకు రావలసింది. సరుకులకూ పాలకూ తిరిగింది నేను, మాస్కు గడ్డం కిందికి లాక్కుని టీ బండ్ల దగ్గర ప్రపంచాన్ని సరిచేసింది నేను. అయినా అది నన్ను దాటుకుని ఆమెను పట్టుకుంది. మాది వరసగా రెండు గదుల ఇల్లు. లోపలి గదికి వెనకవైపు స్నానాల గది ఉంది కనుక ఆమెను అందులో ఉంచి తలుపు వేశాను. ముందు గదీ, పొయ్యీ నా పాలిట పడ్డాయి. గుమ్మం ముందు స్టీలు పళ్ళెంలో అన్నం పెట్టి, తలుపు తట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చేవాణ్ణి. ఆమె తలుపు తీసి పళ్ళెం తీసుకుని, నా వంట వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి తలుపు వేసుకునేది. వంట బాగా చేశానని అందరికీ చెప్పాను. పప్పు మాత్రం బాగుండేది. మిగతావాటిని కూడా పప్పే అనేవాణ్ణి.

గల్లీ చివర గుజరాతీ డాక్టరు ఫోన్లోనే చూస్తున్నాడు. ఆసుపత్రుల్లో జాగా లేదన్నాడు. "కాకా, ఇంట్లోనే ఉంచండి. కానీ కళ్ళు ఆమె మీదే ఉండాలి. గుండె నూట ఇరవై దాటి కొట్టుకున్నా, మాట్లాడుతుంటే ఊపిరి తెగినా వెంటనే ఫోన్ చేయండి" అని హిందీలో చెప్పాడు. కళ్ళు ఆమె మీద ఎలా ఉంచాలి, మధ్యలో తలుపుంటే? అడిగి తెలుసుకుందామా అంటే ఆమె నోటికి వచ్చిన జవాబు ఒక్కటే కదా.

"ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్న. అన్నంల ఉప్పెయ్య మర్చిపోయినవ్."

మా బిడ్డ అమ్రోలి అవతల కోసాడ్ కాలనీలో ఉంటుంది. వాళ్ళ బిల్డింగ్‌లో కేసులు వచ్చి గేటుకు అడ్డంగా బాంబూలు కట్టేశారు. అంటే వెదురు బొంగులు. బిడ్డ రాలేదు. రాలేక, పార్సిల్ పిల్లవాడి చేత ఒక స్మార్ట్‌వాచ్ పంపింది. వేలికి పెట్టుకుని ఆక్సిజన్ చూసుకునే మిషన్లు దుకాణాల్లో ఎక్కడా దొరకని రోజులు. వాచ్‌లో కూడా ఆక్సిజన్ అంకె వస్తుంది గానీ దాన్ని నమ్మొద్దనీ, గుండె లెక్క వరకు పరవాలేదనీ డాక్టరు అన్నాడు. వీడియోకాల్లో బిడ్డ చెబుతుంటే దాన్ని నా ఫోనుకు కలిపాను. పక్క సందులోకి పోయి, లోపలి గది కడ్డీల కిటికీలోంచి కర్రకు తగిలించి అందించాను. కాసేపటికి నా ఫోన్ మీద ఎర్రటి గుండె బొమ్మ వచ్చింది. దాని పక్కన అంకె. ఎనభై ఎనిమిది. మళ్ళీ ఎనభై ఆరు. 

ఆ అంకెను చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో మా ఆవిడ గురించి ఒక నిజం ఆమెను అడగకుండా తెలియడం అదే మొదటిసారి. పప్పు మాడింది.

మర్నాడు అన్నం పళ్ళెం కడుగుతూ ఫోన్ వైపు చూస్తే అంకె లేదు. గుండె బొమ్మ బూడిద రంగుకు తిరిగి, పక్కన రెండు అడ్డగీతలు ఉన్నాయి. నా చేతిలోంచి పళ్ళెం ఎప్పుడు జారిందో తెలియదు. తలుపు మీద రెండు చేతులతో బాదాను.

"ఏందయ్యా, తలుపు పలగ్గొడ్తవా ఏంది?"

"నువ్వు… నువ్వున్నవా?"

"లేకుంటె ఎవలు మాట్లాడుతున్రు? జర కన్ను మూసిన. వాచి సచ్చింది, నేను గాదు."

ఆ మాట ఆమె నవ్వుతూనే అంది. నేను జారిన పళ్ళెం ఏరుకుని మళ్ళీ కడిగాను. వారం వస్తుందని డబ్బా మీద రాసిన బ్యాటరీ ఒక పూట కూడా రాలేదు. ఛార్జింగ్ పెట్టాలంటే ఆమె దాన్ని విప్పి గుమ్మం దగ్గరి పళ్ళెంలో పెట్టాలి. నేను సానిటైజర్‌తో తుడిచి వైరుకు తగిలించాలి. అది నిండేదాకా ఆమె గుండె సంగతి నాకు తెలియదు. మగ్గం ఆగితే నష్టం ఖాతా నడిపే సేఠ్‌ది. ఇది ఆగితే నా లోపల ఏదో ఆగినట్టుండేది.

నేను స్క్రూడ్రైవర్ తీసుకుని వాచ్‌ను విప్పి, లోపల చూసి, మళ్ళీ బిగించానని మా అల్లుడితో చెప్పాను. స్క్రూడ్రైవర్ తీసిన మాట నిజం. ఆ వాచ్‌కు ఎక్కడా ఒక్క స్క్రూ కూడా కనిపించలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, స్క్రూడ్రైవర్‌తో వీపు గోక్కుని బిడ్డకు ఫోన్ చేశాను.

"బాపు, ముందు వెనకాల పిన్నులు తుడువు. చెమట పట్టి ఛార్జింగ్ సరిగ ఎక్కకపోవచ్చు" అంది. తుడిచాను. పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను కూడా. ఛార్జింగ్ నిండానే ఎక్కింది. మధ్యాహ్నానికి మళ్ళీ రెండు గీతలు.

"జో, చూడు బాపు, బ్రైట్‌నెస్ తగ్గించు. పఛీ చెయ్యి లేపితే లైట్ వచ్చేది ఉంటది కదా, అది బంద్ చెయ్."

"పఛీ గిఛీ ఏందే? తెలుగుల చెప్పు."

"తర్వాత అని, బాపు. నలభై ఏండ్ల సంది సూరత్‌ల ఉండి పఛీ రాదా నీకు?"

"వస్తది. నువ్వు తెలుగుల చెప్తె మంచిగనిపిస్తది."

వెలుతురు తగ్గించాను. చెయ్యి లేపితే వెలగడం ఆపాను. ఒకసారి మొత్తం ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. గుండెను ఎడతెగకుండా చూడడం కూడా ఆపితే చాలా మిగులుతుందని ఫోన్ నాకు సలహా ఇచ్చింది. ఆ ఒక్కదాని కోసమే కదా ఇదంతా. ఒప్పుకోలేదు. మగ్గం కరెంటు ఎక్కువ తింటోందంటే, బట్ట నేయకుండా ఊరికే తిరుగుతున్నది ఏదో వెతకాలి. నేసే భాగాన్ని ఆపి కరెంటు మిగిలిందనుకునే కారీగర్‌ను, అంటే మగ్గం నడిపేవాణ్ణి, ఏ సేఠ్ అయినా గేటు దాటిస్తాడు.

మిగిలినవి నోటిఫికేషన్లు. వాచ్ నా ఫోనుకు కట్టి ఉంది కనుక నాకొచ్చే ప్రతి మెసేజీకి అక్కడ ఆమె చెయ్యి వణికేది. ఊరివాళ్ళ గ్రూపు, ఖాతా గ్రూపు, చుట్టాల గ్రూపు. పొద్దున పూల బొమ్మలు, ఆ వెనకే ఎవరో పోయారని దండం పెట్టే చేతులు. తెలుగు అక్షరాలు ఆ వాచ్‌లో డబ్బాల్లాగా కనిపించేవి కనుక ఆమె ఏదీ చదవలేదు. నయం. వరసగా అన్నీ ఆపేశాను.

నిజానికి ఆ రెండు రోజులూ నన్ను ఇంకొకటి భయపెడుతోంది. లోపలి నుంచి ఉండుండి "ఆ" అని వినిపించేది. ఎవరో పిలిస్తే పలికినట్టు. నేను పిలవలేదు. జ్వరం తలకెక్కి కలవరిస్తోందేమోనని బిడ్డకు కూడా చెప్పకుండా మింగాను. నోటిఫికేషన్లు ఆపిన సాయంత్రం నుంచి ఆ పలుకు ఆగిపోయింది. జ్వరం దిగిందని సంతోషపడ్డాను. మర్నాడు తలుపు అవతల నుంచి అడిగింది.

"నా మీద కోపమొచ్చిందా ఏంది?"

"ఎందుకే?"

"నిన్నటి సంది పిలుస్తలేవు."

"నేనెప్పుడు పిలిచిన?"

"వాచి జుయ్యిమని గుంజుతుండె గద. నువ్వే మీట నొక్కుతున్నవనుకున్న. నొక్కినప్పుడల్లా ఆ అంటున్న గద, ఇనవడ్తలేదా నీకు?"

ఎవరో పోయారన్న కబురుకూ, ఎవరో పంపిన గులాబీ పువ్వుకూ ఆమె నేనే పిలిచాననుకుని పలికింది. "ఇనవడింది. రోజూ ఇన్న" అన్నాను. ఆ తర్వాత మెసేజీలతో పని లేకుండా, తోచినప్పుడల్లా నోటితోనే పిలిచాను. నా గొంతు గల్లీకంతా వినిపిస్తుంది. పక్కింటాయన కూడా ఒకటి రెండుసార్లు ఆ అన్నాడు.

అన్నీ ఆపినా బ్యాటరీ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా సాగింది, అంతే. పైగా అంకె కూడా మధ్యమధ్య వింతగా ఉండేది. ఒక పొద్దున పాలు కాచి ఫోన్ చూద్దును కదా, గుండె బొమ్మ లేదు. దాని చోట సైకిల్ తొక్కుతున్న మనిషి ఉన్నాడు. కింద నిమిషాలు తిరుగుతున్నాయి. చూస్తూ ఉండగానే వాడు మాయమై ఈత కొట్టేవాడు వచ్చాడు. ఫోటో తీసి బిడ్డకు పంపాను. అది నవ్వాపుకోలేక ఫోన్ చేసింది.

"బాపు, అమ్మ ఎక్సర్‌సైజ్ చేస్తుందని అనుకుంటుంది వాచ్. అందుకే గంతగనం బ్యాటరీ తింటుంది. రోడ్డు మీద సైకిల్ తొక్కుతుందని, ఎక్కడుందో చూసేటందుకు పైన సాటిలైట్‌ల కోసం వెతుకుతనే ఉంటది."

లింబాయత్‌లో లోపలి గదిలో, దుప్పటి కప్పుకుని పడుకున్న ముసలామె కోసం ఆకాశంలో వెతుకుతోందన్నమాట. కొంచెం గర్వంగా కూడా అనిపించింది. తలుపు దగ్గరికి పోయాను.

"ఏమే, సైకిల్ తొక్కుతున్నవా?"

"నా మొకం. సైకిలేడిది?"

"మరి ఈత?"

"ఓ అయ్యా, జ్వరం నీకా నాకా?"

ఆ వాచ్‌కు కుడిపక్కన ఒక మీట ఉంది. దాన్ని వెంటవెంటనే నొక్కితే వ్యాయామం మొదలవుతుందని బిడ్డ చెప్పింది. ఆమె దాన్ని ముట్టనే లేదంటోంది. ముట్టకుండా ఎవరు నొక్కుతున్నారు? మగ్గం ఊరికే ఆగిపోతుంటే మేస్త్రీ దారాన్నీ మోటారునూ చూసే ముందు కారీగర్ చేతుల వైపు చూస్తాడు. మధ్యాహ్నం సందులోకి పోయి కిటికీ దగ్గర నిలబడి ఆమె చేతుల వైపు చూశాను.

ఆమె నా పప్పన్నం తినడానికి కూర్చుంది. పళ్ళెం దగ్గరికి లాక్కునే ముందు, రెండు చేతుల గాజులనూ ఒకదాని తర్వాత ఒకటి మోచేతి వైపు గట్టిగా నెట్టుకుంది. ఏ పని మొదలుపెట్టినా ముందు అది చేస్తుంది. బాబిన్ చుట్టేముందు, కత్తెర పట్టేముందు, పోట్లాడేముందు కూడా. వాచ్‌ను గాజులకు పైన, మోచేతి వైపు కట్టుకుంది. నెట్టినప్పుడల్లా మట్టి గాజుల వరస పోయి ఆ మీటకు టకటకా తగులుతోంది. నా చేతిలోని ఫోన్లో సైకిల్ మనిషి బయల్దేరాడు.

బిడ్డకు చెబితే, "అయితే గాజులు తియ్యమను, అంతే" అంది. అది సూరత్‌లో పుట్టిన పిల్ల. దానికి అంతే. నేను తలుపు దగ్గర కూర్చుని, గొంతులో తేనె పోసుకుని విషయం చెప్పాను. ఒక్క చేతివి చాలు, ఒక్క వారం అన్నాను.

"తియ్య" అంది.

"ఎడమ చేతివే…"

"నువ్వుండంగ బోడి చేతులతోని ఎట్ల ఉంట? నాతోని కాదు."

"అవి గాజులే. నీ పానం కన్న ఎక్కువనా?"

"నా పానం సంగతి నేను చూసుకుంట. అవి నీ పానం."

"నాకేమైతది? గుండ్రాయి లెక్క ఉన్న."

గొంతు తగ్గించి అంది. "ఈ గల్లీల ఎందరు తీసిన్రో చూస్తలేవా? మీదింట్ల ఆమె, పాలబూత్ ఆమె. ఈ దినాలల్ల నా చేత్తోని నేను తియ్యాల్నా? ఇంకోసారి గా మాట అనకు."

అనలేదు. నా కోసం ఆమె గాజులు తీయదు. ఆమె కోసం నేను తీయమంటాను. మధ్యలో ఆ వాచ్ సాయంత్రానికల్లా కళ్ళు తేలేస్తుంది. తలుపుకు అటూ ఇటూ కూర్చుని ఇద్దరం అలిగాం. అలిగితే మాట్లాడకూడదు కనుక ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

సాయంత్రం వాచ్ ఛార్జింగ్ కోసం బయటికొచ్చింది. నేను శాస్త్రవేత్తలాగా పరీక్ష మొదలుపెట్టాను. ఆమె పెట్టెలోంచి పాత గాజులు తీసి నా చేతికి ఎక్కించబోయాను. అరడజను వేసుకుని పరీక్షించానని చెప్పేవాణ్ణి. సబ్బు పెట్టినా ఒక్కటే దూరింది, అదీ బొటనవేలి ఎముకను అడిగి. వాచ్ కట్టుకుని, గాజును వెనక్కి నెట్టి చూశాను. సైకిల్. మళ్ళీ నెట్టాను. ఈత. సంతోషం పట్టలేక తలుపు తీసి గల్లీలోకి పోయాను. పాల పిల్లవాడు నా ముఖం చూసి, చేతి గాజు చూసి, ప్యాకెట్ గుమ్మంలో పెట్టి డబ్బులు అడగకుండా పోయాడు.

తర్వాత గాజు రానంది. వాచ్ విప్పి, మళ్ళీ సబ్బు పట్టించి, నీళ్ళు పోసి, ఎముక నొక్కుకుని లాగాను. రాలేదు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా వాచ్‌ను మళ్ళీ చేతికి తగిలించుకున్నాను. అప్పుడు గాజు ఎంత నెట్టినా సైకిల్ లేదు, ఈత లేదు. చూసుకుంటే వాచ్‌ను తలకిందులుగా పెట్టుకున్నాను. మీట మోచేతి వైపు తిరిగింది. గాజులు తగిలేది ఇప్పుడు నున్నటి పక్కకు. ఎంతో ఆలోచించి ఆ ఉపాయం కనిపెట్టానని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. కన్నీళ్ళలో కనిపించక తిరగేసి పెట్టుకున్నాను, అంతే.

ఆమెకు అలాగే తిరగేసి కట్టుకోమన్నాను. మర్నాడు మధ్యాహ్నం దాటింది, ఎర్ర గుండె అలాగే ఉంది. పొద్దు వాలింది, ఉంది. బ్యాటరీ ఇంకా సగానికి పైగా ఉంది. నాకు ఊళ్ళు గెలిచినంత సంబరమైంది. అంకె నా ఫోన్లో కనిపిస్తూనే ఉన్నా, అలక తీరిందో లేదో చూద్దామని కేకేశాను.

"ఏమే, ఎంతున్నది చూడు."

"ఆగు… పదారు."

నా ఫోన్లో తొంభై ఒకటి. నా గుండె మాత్రం ఒక్క క్షణం పదహారుకు పడిపోయింది. మరుక్షణం అర్థమైంది. వాచ్ తలకిందులుగా ఉంటే అంకె కూడా తలకిందులే కదా.

"నీ వయసు గాదే అడిగింది. వాచిల ఎంతున్నదో చెప్పు."

ఆమెకు కూడా అర్థమైనట్టుంది. ముందు చిన్నగా, తర్వాత గట్టిగా నవ్వింది. ఆ రోగం వచ్చాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. నేను తలుపుకు చెవి ఆనించి, ఇంకా నవ్విద్దామని, "పదారేండ్ల పిల్లవు, గప్పుడు నాతోని మాట్లాడటానికే సిగ్గువడుతుంటివి" అన్నాను. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. ఆగాక చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

"ఏమే."

"నవ్విపియ్యకయ్యా." ఒక్కో ముక్కే వస్తోంది. "ఊపిరి… అందుతలేదు."

నలభై ఏళ్ళలో ఆమె నోట అలాంటి మాట వినలేదు. ఫోన్లో గుండె నూట ఆరు చూపిస్తోంది. డాక్టరు చెప్పిన గీత దాటనే లేదు. సగానికి పైగా ఛార్జింగుతో, సరిగ్గా పనిచేస్తూ, ఆ వాచ్ నాకు అంతా బాగుందనే చెబుతోంది.

"ఎప్పటి సంది?"

"నిన్న మాపటి సంది."

"మరి నిన్న చెప్పకపోతివి?"

"నువ్వు అడగకపోతివి."

అలిగి అడగలేదు. అడిగినా "మంచిగనే ఉన్న" అనేదేమో. ఏమో, నిన్న కాదనేదేమో. ఆ మాటను నేను ఇప్పటికీ అటూ ఇటూ తిప్పి చూసుకుంటూనే ఉన్నాను.

డాక్టరుకు ఫోన్ చేశాను. ఇక్కడి మన తెలుగువాళ్ళ సంఘం వాళ్ళు పెళ్ళిళ్ళు జరిగే హాలులో మంచాలు వేసి, ఆక్సిజన్ సిలిండర్లు పెట్టి రోగులను చూస్తున్నారని, వాళ్ళకు చెబుతానని అన్నాడు. కాసేపటికి ఒకతను స్కూటర్ మీద వచ్చి ఆమె వేలికి మిషన్ పెట్టి చూశాడు. అంకె నాకు చెప్పలేదు. "పోదాం పెద్దనాయినా, ఇప్పుడే పోదాం" అన్నాడంతే. ఆటోలో ఆమె వెనక సీట్లో, నేను స్కూటర్ మీద అతని వెనక. హాలు గేటు దగ్గర నన్ను ఆపేశారు. ఆమె లోపలికి నడిచి పోతూ వెనక్కి తిరిగి, గాజులను ఒకసారి మోచేతి వైపు నెట్టుకుంది. ఏదో పనికి పోతున్నట్టు.

ఆమె మలుపు తిరిగేదాకా ఫోన్లో ఎర్ర గుండె ఉంది. తర్వాత రెండు గీతలు. బ్యాటరీ ఇంకా ఉందని నాకు తెలుసు. వాచ్ మాట నా ఫోనుకు అందేది ఒక గోడ, రెండు గోడల దూరం నుంచే. గేటు బయట చాలాసేపు నిలబడ్డాను. గోడ పక్కగా అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచాను. ఒక మూల ఆ బొమ్మ ఒకసారి ఎర్రబడిందని అందరికీ చెప్పాను. ఎర్రబడలేదు.

ఇంటికొచ్చాను. లోపలి గది తలుపు తెరిచే ఉంది. కూర్చోలేక మళ్ళీ పప్పు పెట్టాను, ఎవరు తింటారని పెట్టానో. పొద్దున ఫోన్ మోగింది. అక్కడి ఆడమనిషి ఎవరో ఆమె చేతికి ఫోన్ ఇచ్చినట్టుంది.

"ఇంటున్నవా?"

"ఇంటున్న. ఎట్లున్నది?"

మంచిగనే ఉన్న అన్న మాట కోసం నా చెవి అలవాటుగా సిద్ధమైంది. అటువైపు గొట్టం లోంచి గాలి వస్తున్న చప్పుడు. ఆ తర్వాత నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పింది.

"రాత్రి నిద్ర పట్టలే. గీ గొట్టం పెడ్తే ముక్కు మండుతుంది. ఇడ్లీ ఒకటి తిన్న, ఇంకోటి పోలే. నీళ్ళు గూడ చేదున్నయ్. వీపుల నొప్పి ఉన్నది. నడుస్తే ఆయాసమైతుంది, పండుకుంటె జర నయం." మళ్ళీ ఆగింది. "నాకు భయమైతుందయ్యా."

ఎవరికైనా ధైర్యం చెప్పడంలో నన్ను మించినవాడు లేడు. ఖాతాలో చెయ్యి నలిగినవాడికి చెప్పాను, ఊళ్ళో ఇల్లు కూలినవాడికి చెప్పాను. మా ఆవిడకు చెప్పడానికి పెద్ద పెద్ద మాటలు నాలుక మీదికి వచ్చాయి. నేనుండగా నీకేమీ కాదు, డాక్టరు నాకు దోస్తు, రేపే ఇంటికి తెస్తా. అందులో ఒక్కటీ నిజం కాదు.

"నాకు గూడ" అన్నాను.

"నీకా?"

"గుండ్రాయినని చెప్పిన గద. గట్లేం లేదు. రాత్రంత గోడకు కూసున్న."

గాలి చప్పుడు వింటూ ఉన్నాను. పెట్టేయమని ఎవరో అంటున్నట్టు వినిపించింది.

"మళ్ళ మాపటికి చేస్త" అంది. "చేసి అన్ని చెప్త. నువ్వు గూడ చెప్పాలె."

చేసింది. రోజూ రెండు పూటలా చేసింది. ఇడ్లీ ఎన్ని తిన్నదీ, ఏ పక్కకు తిరిగితే నొప్పి, పక్క మంచం ఆమె రాత్రి ఏమని ఏడ్చిందీ, తనకు ఎప్పుడు ఏడుపు వచ్చిందీ. నేను ఉప్పు వేశానా, నిద్రపోయానా, ఏడ్చానా అని అడిగేది. మొదటి రెండూ నిజమే చెప్పాను. మూడోది కూడా చెప్పాను, కాకపోతే కొంచెం తగ్గించి.

ఇంటికి వచ్చింది. ఎన్ని రోజులకు అంటే, నేను చెప్పే లెక్క ఆమె ఒప్పుకోదు. బిడ్డ వాచ్‌ను తిరిగి తీసుకుపోయింది, దాని పిల్లవాడు దానితో నిజంగానే సైకిల్ తొక్కుతున్నాడు. ఇక్కడ మాత్రం పొద్దున టీ దగ్గర మొదలవుతుంది. "మోకాలు గుంజుతుంది. కుడిది గాదు, ఎడమది. నిన్న కుడిది. కడుపుల ఇట్ల మెలివెట్టినట్టయితుంది. నెత్తి జర బరువున్నది. ఇంటున్నవా?"

వింటున్నాను. మగ్గాల దగ్గర చెవులు పోగొట్టుకున్నవాణ్ణి కనుక సగమే వినిపిస్తుంది. అందుకని దగ్గరికి జరిగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పమంటాను.